నాగమ్మ సంచిలో పది వస్తువులు

సంచిలో అన్నిటికంటే ముందు దుప్పటి పెట్టింది సుబ్బలక్ష్మమ్మ. దుప్పటి అడుగున ఉంటే మిగతావి కదలవు. దాని మీద ఉప్పు పొట్లం, నిప్పుపెట్టె, రాగి చెంబు. ఏడు రోజులకు సరిపడా జొన్నరొట్టెలు, పాత చీర ముక్కలో చుట్టినవి. చిన్న సీసాలో చింతకాయ తొక్కు. సూదీ దారం. తాడు. మూత గట్టిగా పడే డబ్బాలో బూడిద. డజను గాజులు, పసుపు, కుంకుమ. పోయేది ఆడవాళ్ళుండే చోటికి, వట్టి చేతులతో పోకూడదు. తర్వాత దీపం, దీపానికి నూనె. నూనె ఒలికితే దుప్పటి పాడవుతుందని సీసాను రొట్టెల అవతలికి జరిపింది.

జరపడమంటే కాగితం మీద ఒక మాట కొట్టేసి ఇంకోచోట రాయడమే. సంచి లేదు. చీర డిజైను గీసే గళ్ళ కాగితాన్ని వెనక్కి తిప్పి, పెన్సిలుతో, శుక్రవారం సాయంత్రం దీపాలు పెట్టకముందు నుంచీ రాస్తూనే ఉంది. ఎవరూ నేర్పని అక్షరాలు ఆమెవి. ఒకదానికొకటి తగలకుండా దూరం దూరంగా నిలబడతాయి.

మేడ మీద గదిలో అద్దెకుండే స్వప్న బడి నుంచి వచ్చి, మెట్లెక్కబోతూ ఆగింది.

"ఏందవ్వా, అప్పుడే సర్దేసినావా? ఆదివారానికి ఇంకా ఒక దినముండాది కదా."

"ముందే సర్దుకుంటే మర్చిపోయింది జ్ఞాపకానికొస్తుంది."

స్వప్న లెక్కల టీచరు. కాగితం తీసుకుని వేలితో లెక్క పెట్టింది. "పదిహేనుండాయి. పదే పట్టేది. ఆట కాగితంలో గిరి రాసినాడు, చూడలేదా?"

"సంచి ఎంతుంటుందో ఆ పిల్లోనికేం తెలుసు? నేను సర్దితే ముప్పై పడతాయి."

"సంచి కాదవ్వా, అది ఆట రూలు." స్వప్న మెట్టు మీద కూచుని పెన్సిలు అందుకుంది. "తొక్కు కొట్టేస్తాండా. చెంబు కొట్టేస్తాండా. బూడిద ఎందుకు? దయ్యాల మీద చల్లనా?"

"వేళ్ళకు. అది ముట్టుకోవద్దు."

"దుప్పటి? నువ్వు పోతానంటాండేది ఎండ కొలువుకు. ఆడ చలే ఉండదంట."

"దుప్పటి ఉండాల."

ఆ మాట అన్న తీరుకు స్వప్న పెన్సిలు పైకెత్తింది. తొక్కు, చెంబుతో పాటు ఇంకో మూడు కొట్టేసి పది మిగిల్చి, కాగితం తిరిగి ఇచ్చింది. సుబ్బలక్ష్మమ్మ కొట్టేసిన వాటిని ఒక్కొక్కటిగా మళ్ళీ చదువుకుంది, వాటిని ఇంట్లో యాడ పెట్టి పోవాలా అన్నట్టు.

ఆ ఆట ఆమె చూసి వారమే అయింది. పోయిన ఆదివారం కళ్ళజోడు మార్పించడానికి స్వప్న ఆమెను హిందూపురం తీసుకుపోయింది. తిరుగు రైలు సాయంత్రానికి గాని లేదు. అంతసేపూ బజారులో గిరిధర్ డీటీపీ షాపు మీది గదిలో కూర్చోబెట్టింది. ఆ గదిలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు. చదరంగం బల్ల లాంటిది ఏదీ లేదు. కాగితాలు, పెన్సిళ్ళు, ఇరవై ముఖాల పాచిక ఒకటి. గిరిధర్ ఒక దేశం గురించి నోటితో చెబుతాడు. మిగతావాళ్ళు ఆ దేశంలో తమ తరపున తిరిగే మనుషులు ఏం చేస్తారో చెబుతారు. అయ్యిందా కాలేదా అన్నది పాచిక తేలుస్తుంది. పెనుకొండ నుంచి వచ్చే కిరణ్ మనిషి వజ్రబాహు, కత్తి వీరుడు. స్వప్న మనిషి నీలవేణి, మంత్రాలు తెలిసినామె. నాలుగో కుర్చీ ఖాళీగా ఉంటే సుబ్బలక్ష్మమ్మ అందులో కూర్చుని, కాసేపయ్యాక లేచి నిలబడి అడిగింది, ఇది ఎవరిదని.

సంగీతది అన్నారు. సంగీత పరిగి పక్క పల్లెకు పెళ్ళై పోయింది. ఆదివారం పూట ఆ ఇంట్లో ఆమెకు తీరదు. నాలుగు నెలలుగా రాలేదు.

"ఆ పిల్ల మనిషో?"

"తారా? ఫేరీల దేశంలో ఉండాది," అన్నాడు కిరణ్. "ఆడుండే పండు తినింది. తింటే రాలేరు."

"మీరు తినలేదా?"

"తినలేదు. వచ్చేసినాం."

"ఆ పాపను ఆడనే పెట్టేసి?"

"ఆట ఆడే మనిషి లేకుంటే ఏం చేస్తామవ్వా," అన్నాడు కిరణ్. గిరిధర్ తన నోటు పుస్తకంలో తార పేరు దగ్గర గీసిన అడ్డగీత చూపించాడు. సుబ్బలక్ష్మమ్మ ఆ గీతను కొత్త కళ్ళజోడుతో చూసింది. నాకూ ఒక కాగితం ఇయ్యండి అంది. నవ్వి ఇచ్చారు. పేరు దగ్గర నాగమ్మ అని రాసింది. వయసు పంతొమ్మిది. వృత్తి దగ్గర ఏం రాయాలో కిరణ్ పదిరకాలు చెప్పాడు, యోధురాలు, వేటగత్తె, మాయలమారి. ఆమె 'అచ్చు అతుకుడు' అని రాసింది, తను చేసే పనే.

ఈ ఆదివారమే ఆఖరు. గది నెలాఖరుకు ఖాళీ చెయ్యాలి. ఆఖరు రోజు వాళ్ళు గుట్టల్లోని బ్రహ్మరాక్షసుడి మీదికి పోవాలనుకున్నారు. ఆ సంగతి స్వప్న చెప్పింది. సుబ్బలక్ష్మమ్మ విని, సంచి సర్దడం మానలేదు.

శనివారం పొద్దున ఆదెప్ప ఇంట్లో అతుకుడు పని. మగ్గం మీద నిలువు పోగుల పాత పడుగు అయిపోవచ్చింది, జానెడు తోక మిగిలింది. ఆ తోకలో ఒక్కో పోగుకూ కొత్త పడుగులో ఒక్కో పోగు కలపాలి. సుబ్బలక్ష్మమ్మ గోనెపట్టా పరుచుకుని మగ్గం వెనక కూర్చుంది. పక్కన బూడిద చిప్ప. బొటనవేలు, చూపుడు వేలు బూడిదలో అద్ది, పాత పోగు కొన, కొత్త పోగు కొన పట్టి, ఒక్క మెలి. పోగు పక్కకు పడుతుంది. ఇంకోటి. ముడి లేదు. వదులుగా మెలేస్తే దువ్వెన లాంటి పన్నె దగ్గర ఊడిపోతుంది, బిగిస్తే తెగుతుంది. నాలుగు వేలకు పైగా పోగులు. కళ్ళు లేకపోయినా వేళ్ళు చేస్తాయి ఆ పని.

తొడ మీద మడిచి పెట్టుకున్న కాగితాలు గిరిధర్ ఇచ్చినవే. ఫేరీల గురించి నాలుగు పేజీలు, ఆ పిల్లోడే తెలుగులోకి రాసుకున్నవి. వెయ్యి పోగులకొకసారి వేళ్ళు తుడుచుకుని, వేలు పెట్టుకుని చదివేది. వాళ్ళకు రెండు కొలువులు, ఎండ కొలువు, మంచు కొలువు. వాళ్ళ సీమకు వాకిలి కొండ రాళ్ళ మధ్యనో, నీళ్ళ దగ్గరో ఉంటుంది. అక్కడ ఒక పూట గడిస్తే ఇక్కడ ఎన్నేళ్ళైనా గడవొచ్చు. వాళ్ళు ముసలివాళ్ళు కారు. సొంత పేరు చెప్పకూడదు. పెట్టింది తినకూడదు. వీళ్ళు మన నీళ్ళ దేవతలు అక్కమ్మగార్లే అనుకుంది సుబ్బలక్ష్మమ్మ. ఇంగ్లీషులో ఫేరీలంటారు కాబోలు. ఆమె చిన్నప్పుడు బుక్కపట్నం చెరువు గట్టున వాళ్ళకు గాజులు పెట్టి వచ్చేవాళ్ళు, వెనక్కి తిరిగి చూడకుండా.

"ఏమమ్మా సుబ్బలక్ష్మమ్మా," అన్నాడు ఆదెప్ప మగ్గం గుంటలో కాళ్ళు వేలాడేసుకుని. "ఈ వయసులో పాచికలాడను హిందూపురం పోతాండావంట?"

"పోతాండా."

"గెలిస్తే ఏమిస్తారు?"

"ఒక పాపను ఇస్తారు."

ఆదెప్ప నవ్వి, ఆమె ముఖం చూసి నవ్వు ఆపేశాడు.

మూడో పేజీ అడుగున ఒక వాక్యం దగ్గర ఆమె వేలు ఆగింది. తిన్నవాళ్ళను విడిపించుకోవాలంటే, వాళ్ళ కోసం వచ్చినవాళ్ళు ఆ కొలువు రాణికి ఆమె జనం చెయ్యలేని పని ఒకటి చేసిపెట్టాలి. ఆ వాక్యం మూడుసార్లు చదివింది. పిల్లలు ముగ్గురికీ, రాసినవాడికి కూడా, ఇది గుర్తున్నట్టు లేదు.

మధ్యాహ్నం దాటాక ఒకే ఒక పోగు మిగిలింది. సుబ్బలక్ష్మమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని వెనక్కి జరిగింది. "రా ఆదెప్పా." ఆదెప్ప కాళ్ళు చేతులు కడుక్కుని వచ్చి, వేళ్ళకు బూడిద అద్దుకుని, చేతకానట్టు రెండుసార్లు జారవిడిచి, ఆ చివరి పోగు తనే అతికాడు. ఆమె అత్త నేర్పిన పద్ధతి అది. అతికేవాళ్ళు అన్నీ అతికి చివరిది వదలాలి. అది మగ్గం ఇంటివాళ్ళది. పరాయి చేయి పని ముగిస్తే మగ్గం నిలిచిపోతుందని.

ఆదివారం రైల్లో సుబ్బలక్ష్మమ్మ కిటికీ పక్కన కూర్చోలేదు. తలుపుకు దగ్గరగా ఉండే సీటు చూసుకుంది. ఇంటి తాళం మూడుసార్లు లాగి చూసి వచ్చింది, అయినా చేయి కొంగున కట్టిన తాళంచెవి మీదే ఉంది.

"నాగమ్మ అని ఎందుకు పెట్టినావవ్వా? మేమంతా సినిమా పేర్లు పెట్టుకుంటే," అంది స్వప్న.

"మా చెల్లెలు పేరు."

"నీకు చెల్లెలుందా? యాడుంటుంది?"

"హిందూపురం పోయింది. పట్టుదారం తీసే పనికి."

"మరి చెప్పవేం! ఫోన్ చెయ్, ఇయ్యాల కలిసి వద్దాం."

"ఫోన్ లేదు." సుబ్బలక్ష్మమ్మ తాళంచెవిని వేళ్ళ మధ్య తిప్పింది. "సంచి నేనే సర్దిచ్చినా. దుప్పటి మర్చిపోయినా."

పెనుకొండలో రైలు ఆగగానే ఆమె లేచి తలుపు దగ్గర నిలబడింది. కొండ మీద కోట గోడ ఎండలో తెల్లగా ఉంది. కిరణ్ పరిగెత్తుకుంటూ వచ్చి ఎక్కేదాకా లోపలికి రాలేదు.

కూర్చున్నాక కిరణే మొదలుపెట్టాడు. "అవ్వా, నువ్వు తార కోసం పోదామంటాండావని స్వప్న చెప్పింది. ఇయ్యాల రాక్షసుడి రోజు. రెండేండ్ల నుంచి వాని కోసమే కత్తి నూరుకుంటాండా."

"ఆ రాక్షసుడు యాడికన్నా పోతాడా, నాయనా?"

"యాడికి పోతాడు, ఆడనే ఉంటాడు."

"ఆ పాప కూడా అట్లనే అనుకునింటాది. మీరు యాడికీ పోరు, ఈడనే ఉంటారని."

కిరణ్ టిఫిన్ డబ్బా మూత తీసి, చిత్రాన్నం ఆమె ముందు పెట్టాడు.

గదిలో సగం సామాను అప్పటికే అట్టపెట్టెల్లో ఉంది. బల్ల, కుర్చీలు మిగిలాయి. సుబ్బలక్ష్మమ్మ మూడో పేజీ గిరిధర్ ముందు పెట్టి వాక్యం మీద వేలు పెట్టింది. గిరిధర్ చదివి తల గోక్కున్నాడు.

"నేనే రాసినా. నేనే మర్చిపోయినా."

"అంటే తేవచ్చునా?" అంది స్వప్న.

"తేవచ్చు. కాని ఉండేది ఒక్క పూట. రాక్షసుడా, తారా, రెండూ కావు."

స్వప్న కిరణ్ వైపు చూసింది. కిరణ్ పాచికను బల్ల మీద ఒకసారి గిర్రున తిప్పాడు. "గంట. గంటలో తేకపోతే రాక్షసుడి దగ్గరికి పోదాం. సరేనా?"

గిరిధర్ గొంతు తగ్గించి మొదలుపెట్టాడు. "కొండ మీద రెండు రాళ్ళ మధ్య దాటినారు. ఇటు పక్క జూన్ నెల. అటు పక్క ఏ నెలా కాదు. ఎండ ఉండాది కాని పొద్దు యాడుందో తెలీదు. చెట్ల ఆకులు రాలవు. పెద్ద పందిరి కింద భోజనాల బంతి సాగుతాంది. బంతిలో వడ్డిస్తాండే ఒకమ్మాయి మీ ముందు నుంచి పోయింది. తార. మిమ్మల్ని చూసింది. గుర్తు పట్టలేదు."

"గాజులు పెడతాండా రాణి ముందర," అంది సుబ్బలక్ష్మమ్మ. "పసుపు, కుంకుమ. పేరు చెప్పను."

"తీసుకునింది. ఏం కావాలంటాంది."

"ఆ పాప."

"బదులు ఏం చేస్తావంటాంది. ఆమె జనానికి రాని పని లేదంట. పాడతారు, పోరాడతారు, రాయిని నీళ్ళు చేస్తారు."

కిరణ్ వజ్రబాహు కత్తి విద్య చూపిస్తానన్నాడు. గిరిధర్ తల అడ్డంగా ఊపాడు. స్వప్న మంత్రం చెప్పింది. రాణి ఆవలించిందన్నాడు. గోడ గడియారంలో ముప్పావు గంట దాటింది.

"ఆ రాణమ్మ చీర యాడ నేస్తారు?" అంది సుబ్బలక్ష్మమ్మ.

గిరిధర్ తన కాగితాలు తిరగేశాడు. అందులో చీర సంగతి లేదు. "ఆడనే... ఆడనే నేస్తారు. మంచు నీళ్ళతో తీసిన దారం."

"అయితే మగ్గముంటుంది. పడుగు అయిపోతే ఎవురు అతుకుతారు?"

గిరిధర్ చాలాసేపు ఆమెను చూశాడు. పెన్సిలు కింద పెట్టాడు. "ఎవరూ అతకలేరవ్వా," అన్నాడు నెమ్మదిగా. "ఆడ ఏదీ అయిపోదు. అయిపోయినదాన్ని ఇంకోదానికి ఎట్లా కలపాలో వాళ్ళకు తెలీదు. ఒకే ఒక్కసారి ఒక పడుగు అయిపోయింది. అప్పటి నుంచి ఆ మగ్గం అట్లనే ఉండాది."

"చూపించమను."

సంచిలోంచి బూడిద డబ్బా తీసింది. తీశానని నోటితో చెప్పలేదు, చేతులు బల్ల మీద పెట్టి రెండు వేళ్ళతో మెలి వెయ్యడం మొదలుపెట్టింది. పాత పోగు, కొత్త పోగు, మెలి, పక్కకు. బల్ల మీద ఏమీ లేదు. పాత పోగు, కొత్త పోగు. కింద బజారులో టమాటల బండివాడి మైకు దగ్గరికి వచ్చి దూరం పోయింది. గంట దాటింది. ఎవరూ గడియారం సంగతి ఎత్తలేదు.

"పాచిక వెయ్యవ్వా," అన్నాడు గిరిధర్. "పదిహేను రావాల."

బూడిద లేని వేళ్ళను కొంగుకు తుడుచుకుని వేసింది. పదహారు.

స్వప్న కుర్చీలోంచి లేచింది. కిరణ్ బల్ల చరిచాడు. "అంతా అతికేసినావా అవ్వా?"

"అతికినా. చివరి పోగు తప్ప."

"అదెందుకు వదిలినావు?"

"చివరిది మగ్గం ఇంటివాళ్ళది. ఆ రాణమ్మ వచ్చి అతకాల."

గిరిధర్ ముఖం మారింది. నలభై ఏళ్ళ అలవాటుతో నోట్లోంచి వచ్చిన మాట అది. వెనక్కి తీసుకోవాలని ఆమెకు తోచలేదు.

"అవ్వా, రాణి ఆ పోగు చేతికి తీసుకునింది. నవ్వుతాంది. అతకదు. అతికితే పని అయిపోతుంది. పని అయ్యేదాకా పనిమనిషి మగ్గం దగ్గరే ఉండాలంట. మాట ఇచ్చినట్టే తారను వదిలేసింది. తార పండు కక్కేసి, స్వప్నను చూసి నీలవేణీ అనింది. మీరు ముగ్గురూ పోవచ్చు."

"ఇది అన్యాయం గిరీ!" అంది స్వప్న. "అవ్వకు తెలీక చెప్పింది. మార్చుకోనీ."

"మార్చుకోవచ్చు." గిరిధర్ ఆమె వైపు వంగాడు. "అవ్వా, అన్నీ అతికినా అని చెప్పు. ముందు మాట నేను వినలేదు. ఎవరూ వినలేదు."

"నేను కూడా వినలేదు," అన్నాడు కిరణ్.

సుబ్బలక్ష్మమ్మ తన గళ్ళ కాగితం విప్పి చూసుకుంది. పదిలో గాజులు, పసుపు, కుంకుమ ఇచ్చేసింది. బూడిద సగం అయింది. రొట్టెలు ఏడు రోజులకు ఉన్నాయి, వాళ్ళు పెట్టింది తినే అవసరం లేదు. తర్వాత సంగతి తర్వాత. చేతిలో పని ఉంది. దీపముంది. అక్కడ ముసలితనం లేదు. దుప్పటి ఉంది.

"చెప్పిన మాట మార్చకూడదు నాయనా. నాగమ్మను ఆడుండనీ."

"అవ్వా..."

"తారను తీసుకుని నడవండి మీరు. రాళ్ళ దగ్గర నిలబడుకోవద్దండి. ఎదురు చూడద్దని చెప్తాంది నాగమ్మ. ఎవురన్నా పోయేవాళ్ళు ఆ మాట చెప్పి పోవాల. చెప్పకుండా పోతే కష్టం."

గిరిధర్ వాకిలి దాటించాడు వాళ్ళను. వజ్రబాహు, నీలవేణి, మధ్యలో తార. వెనక ఎండ అట్లాగే ఉందన్నాడు. మగ్గం దగ్గర కూర్చున్న మనిషి తలెత్తలేదన్నాడు. రాక్షసుడి సంగతి ఎవరూ అడగలేదు. కిరణ్ తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

స్వప్న ఫోన్ తీసి సంగీతకు రాసింది, తారను తీసుకొచ్చినాం అని. చదివినట్టు గుర్తు పడింది. నలుగురూ ఆ ఫోన్ వైపు చూస్తూ కాసేపు కూర్చున్నారు. జవాబు రాలేదు.

గిరిధర్ నోటు పుస్తకం ఆఖరి పేజీ తెరిచాడు. తార పేరు మీది అడ్డగీతను రబ్బరుతో తుడిచాడు. ప్రతి ఆట తర్వాతా రాసినట్టే రాశాడు. తిరిగి వచ్చినవారు: వజ్రబాహు, నీలవేణి, తార. తిరిగి రానివారు: నాగమ్మ. పక్కన ఆ రోజు తారీకు వేశాడు, 30-6-2024.

"ఆ తారీకు కాదు," అంది సుబ్బలక్ష్మమ్మ. "పెన్ను ఇట్లియ్యి."

తారీకు మీద గీత కొట్టింది. దాని కింద రాసింది. చాలాసేపు పట్టింది. స్వప్న ఆమె భుజం మీదుగా ఒక్కో అక్షరమూ చూస్తూ నిలబడి, సగంలోనే అర్థమై, ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టేసింది. రైలుకు వేళవుతోందని ఎవరూ అనలేదు.

నాగమ్మ, పంతొమ్మిదేళ్ళు, 1981 ఫిబ్రవరి 11 బుధవారం పొద్దున ప్యాసింజరుకు ధర్మవరం నుంచి హిందూపురం పోయింది. తిరిగి రాలేదు.